నాన్న చిట్టా... డి డ్రైవ్‌లో!

'డిలో నా లెక్కలున్నయి బిడ్డా, తీసి పెట్టినవ్ గదా?'

నాన్న ఫోన్లో ఈ మాట అడిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. సూర్యాపేటలో మా ఇంట్లో, భోజనాల బల్ల మీద ఆయన పాత లాప్‌టాప్ తెరిచి ఉంది. దానిమీద లినక్స్ ఎక్కించడానికి నేను చేస్తున్న నాలుగో ప్రయత్నం సగం దాటి ఆగిపోయింది. తెర మీద గుండ్రటి గుర్తు ఒకటి అదేపనిగా తిరుగుతోంది.

'ఆ... తీశాను నాన్నా' అన్నాను.

నిజమేననుకునే అన్నాను. ఫోన్ పెట్టేశాక 'డి' అన్న అక్షరం గుర్తొచ్చింది. అంతే, చేతులు చల్లబడ్డాయి!

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశారు. పని మానేసినా చిట్టా మానలేదు. రోజూ సాయంత్రం బజారుకు వెళ్లి రావడం, ఆ రోజు మిల్లు గేటు దగ్గర సన్నధాన్యం క్వింటాలు ఎంత పలికిందో, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వచ్చాయో లేదో ఒక వరుసలో రాసుకోవడం... ఇదీ ఆయన దినచర్య. మద్దతు ధర ఎంతో ఎవరైనా చెబుతారు. 2025-26 వానాకాలానికి ఏ గ్రేడు ధాన్యానికి 2,389 రూపాయలని పేపర్లోనే వేశాం. కానీ ఫలానా మంగళవారం, ట్రాక్టర్లు బారులు తీరిన వేళ, రైతు చేతికి నిజంగా ఎంత వచ్చిందన్నది ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న చిట్టాలో దొరుకుతుంది. కౌలు లెక్కల్లో మాట తేడా వస్తే, 'సారును అడుగుదాం పా' అని మా ఇంటికొచ్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు.

2014లో నాన్నకు ఆ లాప్‌టాప్ కొనిచ్చింది నేనే. నాలుగు జీబీల మెమరీ, అయిదువందల జీబీల హార్డ్‌డిస్క్. ఎక్సెల్‌లో వరుసలు కొట్టడం నేర్పాను. అయినా నాన్న చాలాకాలం కంప్యూటర్లోనూ రాసేవారు, కాగితం మీదా రాసేవారు. 2019లో ఒకసారి ఇంటికి వెళ్లినప్పుడు, 'ఇంకా రెండు చోట్ల ఎందుకు నాన్నా, కళ్లు పాడుచేసుకోవడానికి కాకపోతే! కంప్యూటర్లో ఉంటే ఎక్కడికీ పోదు' అన్నాను. చదువుకున్న కూతురు చెప్పింది కదా, పుస్తకం మూసేశారు.

ఆ మాట అన్నదీ నేనే. ఇప్పుడు ఆ కంప్యూటర్‌ను తుడిచేసిందీ నేనే!

* * *

అసలు ఈ లినక్స్ గొడవ ఎందుకొచ్చిందంటే... మా అక్క వాళ్లది కోదాడ. అక్క కూతురు అక్కడే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరింది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి లాప్‌టాప్ కావాలి. కొత్తది కొనాలంటే బట్టలు కుట్టే మా అక్కకు ఆ ఏడాది ఫీజుల మీద అదో భారం. సంగతి విన్న నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 'నాకేముంది, రోజుకో వరుస. పుస్తకంలో రాసుకుంట. నా లెక్కలు తీసిచ్చి, ఇది దానికియ్యి' అన్నారు.

ఇవ్వడానికి ఒక చిక్కుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు వెళ్దామంటే 'టీపీఎం 2.0' అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంచెం కొత్త తరానిది కావాలి. పదేళ్ల కిందటి లాప్‌టాప్‌లకు ఆ యోగం లేదు. అలాగని యంత్రం పాడైందా? లేదే! అప్పుడు గుర్తొచ్చింది లినక్స్.

1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి తన సరదా కోసం మొదలుపెట్టిన పని అది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడుస్తున్నదీ ఆ లినక్సే. మన దగ్గరా దీనికి కథ ఉంది. 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005లోనే తెలుగులో కనిపించే లినక్స్‌ను తెచ్చింది. మెనూలు తెలుగులో ఉండే కంప్యూటర్ అంటే అప్పట్లో వింతే!

నేను ఎంచుకున్నది లినక్స్ మింట్. పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుందని పేరు. మిర్యాలగూడ వెళ్లి లాప్‌టాప్ తీసుకున్నాను. 'డాక్యుమెంట్స్' ఫోల్డర్, ఫొటోలు, డెస్క్‌టాప్ మీద ఉన్నవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అన్నీ తీసేశాననుకున్నాను. సూర్యాపేట వచ్చి, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చున్నాను.

మొదటి రాత్రి లాప్‌టాప్ అసలు పెన్‌డ్రైవ్ వైపే చూడలేదు. ఎన్నిసార్లు ఆన్ చేసినా విండోసే. బయోస్‌లో 'ఫాస్ట్ బూట్' ఆన్‌లో ఉంటే, తొందరగా లేవాలన్న ఆత్రంలో కొన్ని యంత్రాలు పెన్‌డ్రైవ్‌ను పట్టించుకోవట. అది ఆపాక మింట్ తెర వచ్చింది. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపి చూసుకునే వీలుంది. నేను చూడలేదు. 'డిస్క్ మొత్తం తుడిచి ఇన్‌స్టాల్ చెయ్యి' అన్నదాన్ని నొక్కేశాను. సగంలో ఆగిపోయింది.

రెండో రాత్రి మళ్లీ మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్ మార్చాను, మింట్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, బయోస్‌లో ఇంకో రెండు సెట్టింగులు మార్చాను. అన్నీ ఒకేసారి! మళ్లీ ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు. తెలిసే అవకాశాన్ని నేనే పాడుచేసుకున్నాను. మూడో రాత్రి లినక్స్‌ను తిట్టుకున్నాను. ఊరికే వచ్చేదానికి విలువేముంటుందిలే అని కూడా అనుకున్నాను. నాలుగో రాత్రే నాన్న ఫోన్.

ఇంతకీ ఈ 'డి' కథేమిటంటే... 2014లో లాప్‌టాప్‌లో విండోస్ వేసిచ్చిన కుర్రాడు నాన్నకు ఒక జాగ్రత్త చెప్పాడు. 'సార్, ఎప్పుడైనా ఫార్మాట్ చేస్తే సి పోతుంది. ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకోండి.' మనలో చాలామంది విన్న మాటే. విండోస్ మళ్లీ వేసినప్పుడల్లా అది నిజమే. కానీ సి, డి రెండు డిస్కులు కావు. ఒకే హాలు మధ్యలో తెర కట్టి రెండు గదులు చేసుకున్నట్టు, ఒకే డిస్క్‌లో రెండు భాగాలు. 'డిస్క్ మొత్తం' అంటే తెర తీసేసి హాలంతా ఊడ్చెయ్యమని. నాన్న బుద్ధిగా డిలో దాచుకున్నారు. నేను డి తెరిచి చూడనేలేదు.

* * *

ఆ రాత్రే అక్క కూతురికి ఫోన్ చేశాను. అంతా విని అది అన్న మొదటి మాట: 'పిన్నీ, కట్టెయ్. ఇంక దాన్ని ఆన్ కూడా చెయ్యకు.'

'మళ్లీ విండోస్ వేస్తే...'

'ఏదీ వెయ్యకు. ఎన్నిసార్లు వేస్తే అంత పోతది.'

మర్నాడు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. హైవే మీద గంట ప్రయాణం. లాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టు కూర్చున్నాను. దార్లో నాన్నకు రెండుసార్లు ఫోన్ చేయబోయి మానేశాను. ఏమని చెప్పను?

అక్క వాళ్లింట్లో మిషన్ పక్కన బల్ల ఖాళీ చేసి కూర్చుంది పిల్ల. పద్దెనిమిదేళ్లు నిండలేదు. ముందుగా నోట్‌బుక్ తీసి, నేను ఏ రాత్రి ఏం చేశానో అడిగి వరుసగా రాసుకుంది. డాక్టరు 'జ్వరం ఎన్నాళ్ల నుంచి?' అని అడిగినట్టే! తర్వాత మింట్‌ను పెన్‌డ్రైవ్ మీదే నడిపించింది. నేను తొందరపడి దాటేసిన మెట్టు అదే. లోపలి డిస్క్‌ను తాకకుండా, 'స్మార్ట్' అనే పట్టిక తెరిచింది. హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా అది. అందులో చదవలేకపోతున్న సెక్టార్లు వందల్లో ఉన్నాయి.

'లినక్స్‌ది తప్పు కాదు పిన్నీ. డిస్క్ పోయేటట్టుంది. ఆ చోటుకు రాగానే రాయలేక ఆగిపోతున్నది.'

తాతయ్య కంప్యూటర్ ఏడాదిగా నత్తలా నడవడానికి కారణమూ అదే. దాన్ని మేం విండోస్ ముసలితనం అనుకున్నాం!

మరి తుడిచేసిన లెక్కల సంగతి? డిస్క్‌లో కూడా పుస్తకంలో లాగే ముందు విషయసూచిక ఉంటుందట. ఏ ఫైలు ఏ పేజీలో ఉందో చెప్పేది అదే. తుడవడం అంటే ముందుగా పోయేది ఆ సూచిక. పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తది రాసేదాకా. నేను నాలుగుసార్లు రాశాను. కాకపోతే లినక్స్ అచ్చంగా తీసుకునే చోటు పదీ పదిహేను జీబీలే. మిగతా డిస్క్‌లో చాలా పేజీలు చెక్కుచెదరకుండా ఉండాలి.

అక్క కూతురు తన స్నేహితురాలి దగ్గర పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్క్ అడిగి తెచ్చింది. 'డీడీ రెస్క్యూ' అనే ప్రోగ్రాంతో ముందు మొత్తం డిస్క్‌ను ఉన్నదున్నట్టు దానిలోకి నకలు తీయాలి. ఆ ప్రోగ్రాం తీరు నాకు నచ్చింది. చదవగలిగిన చోట్లన్నీ ముందు గబగబా తీసుకుంటుంది. మొండికేసిన చోట్లను పక్కనపెట్టి, చివర్లో ఒక్కొక్కదాన్నే బతిమాలుతుంది. పోయే ప్రాణమున్న డిస్క్‌ను అనవసరంగా శ్రమపెట్టదు. రాత్రంతా నడిచింది. అక్క మూడుసార్లు లేచి, కరెంటు పోలేదు కదా అని చూసి పడుకుంది.

పొద్దున్నే ఆ నకలు మీద 'ఫొటోరెక్' నడిపింది. పేరుకు ఫొటో కానీ, అన్నిరకాల ఫైళ్లనూ వెతుకుతుంది. సూచిక లేదు కాబట్టి పేర్లుండవు. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఉండే గుర్తులను బట్టి పేజీలను పట్టుకుని బయటికి లాగుతుంది. వేల ఫైళ్లు వచ్చాయి, పేర్ల బదులు అంకెలతో. వాటిలో ఎక్సెల్ ఫైళ్లు రెండొందల పైచిలుకు. ఒక్కొక్కటే తెరిచాం. కరెంటు బిల్లుల లెక్క. మా పెళ్లి ఖర్చుల జాబితా. ఏదీ తెరుచుకోనివి డజన్ల కొద్దీ. మధ్యాహ్నం రెండింటికి ఒకటి తెరుచుకుంది. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ధర, మూడో గడిలో 'నీళ్లు ఉన్నవి'.

అక్క మిషన్ ఆపింది. నేను మాత్రం ఏడ్చేశాను.

నాన్న ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ కొత్త నకలు తయారై, పాతది డిస్క్‌లో ఎక్కడో మిగిలిపోయిందట. అందుకే ఒకే చిట్టా నలభై రూపాల్లో దొరికింది. అన్నిటికంటే తాజాగా ఉండి, సరిగ్గా తెరుచుకున్నదాంట్లో చివరి వరుస 2024 జూన్ 30. ఆ తర్వాతివి దెబ్బతిన్న చోట్ల పడ్డాయి. ఎంత బతిమాలినా రాలేదు. 2024 జులై నుంచి 2025 నవంబరు దాకా పదిహేడు నెలలు పోయాయి. కోదాడ చుట్టుపక్కల వరదలు ముంచెత్తి, ఎడమ కాలువకు గండిపడిన 2024 సెప్టెంబరు కూడా అందులోనే ఉంది.

* * *

నాన్నకు ఫోన్‌లో చెప్పలేకపోయాను. ఆ ఆదివారం ఇద్దరం కలిసి మిర్యాలగూడ వెళ్లాం. దాచకుండా అంతా చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవరాలి వైపు తిరిగి, 'తప్పు ఎక్కడున్నదో ఎట్ల పట్టినవ్ బిడ్డా?' అని అడిగారు.

అది తన నోట్‌బుక్ చూపించింది. ఒక్కొక్కటే మార్చడం, మార్చిందేమిటో రాసుకోవడం, ఆ తర్వాతే ఇంకోటి మార్చడం. నాన్న ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

'మిల్లుల మేం గూడ గంతే. చిట్టాకు, ఆవర్జాకు లెక్క కలవకపోతే ముందు తేడాను తొమ్మిదితో భాగించేది. శేషం లేకుండ పోయిందనుకో, అంకెలు తిరగబడ్డయేమో చూడాలె. చిట్టాలో 5,430, ఆవర్జాలో 5,340. తేడా 90. అది వదిలి మొత్తం పుస్తకం మళ్లీ రాస్తే ఏమైతది? పాత తప్పు పోదు, కొత్త తప్పు చేరుతది.'

నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సిందంతా అందులోనే ఉంది. నేను నాలుగు రాత్రులు చేసింది మొత్తం పుస్తకం మళ్లీ రాయడమే కదా!

* * *

పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాం. మెమరీని ఎనిమిది జీబీలు చేశాం. రెండూ కలిపినా కొత్త లాప్‌టాప్ ధరలో చిన్న ముక్కే. ఈసారి ఇన్‌స్టాల్ మొత్తం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అయితే వైఫై రాలేదు! ఆ చిప్ చేసినవాళ్లు దాని లోగుట్టు బయటపెట్టరు కాబట్టి దానికి కావాల్సిన డ్రైవర్ మింట్‌లో ముందే ఉండదు. నెట్ నుంచి తెచ్చుకోవాలి. నెట్ రావాలంటే వైఫై పనిచేయాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టు!

నేను కంగారుపడ్డాను. పిల్ల పడలేదు. ఫోన్‌ను వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేసింది. ఫోన్లోని నెట్ లాప్‌టాప్‌కు వచ్చింది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఆ చిప్ పేరూ, దానికి సరిపోయే డ్రైవరూ కనిపించాయి. నొక్కింది, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపింది. వైఫై వచ్చేసింది.

చివరగా నా కోరిక ఒకటి. కీబోర్డ్ జాబితాలో తెలుగు వెతికితే ఇన్‌స్క్రిప్ట్‌తోపాటు, డీటీపీ సెంటర్లలో, మా ఆఫీసుల్లో వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డ్ కూడా ఉంది. మొదట కొట్టిన పదం 'చిట్టా'. వత్తు సరిగ్గా కింద కూర్చుంది.

సంక్రాంతికి అందరం మిర్యాలగూడలో కలిశాం. లాప్‌టాప్ ఇప్పుడు అక్క కూతురిది. తాతయ్య చిట్టా దాంట్లో ఒకటి, నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒకటి. ఇవి కాక ప్రింట్లు తీసి బైండు చేయించిన పుస్తకం ఒకటి నాన్న బీరువాలో. కొత్త వరుసలు ఆయన మళ్లీ కాగితం మీదే రాస్తున్నారు. ప్రతి ఆదివారం ఆ పేజీని ఫొటో తీసి మనవరాలికి పంపిస్తారు, అది ఎక్కిస్తుంది. రెండు చోట్ల రాయడం ఎందుకని ఇప్పుడు నేను అడగడం లేదు.

పండగ మర్నాడు ఒక రైతు వచ్చాడు. కౌలు పంచాయితీ. 'నిరుడు నవంబరుల సన్నొడ్లు ఎంత పలికినయ్ సారూ?' అని అడిగాడు. నిరుడంటే 2025 నవంబరు. నాన్న బైండు పుస్తకం తెచ్చి, అలవాటుగా వేలితో వరుసలు దిగుతూ వెళ్లారు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. నాన్న నావైపు చూడలేదు.

'ఆ పేజీలు మా దగ్గర లెవ్వయ్యా' అన్నారు. ఆ తర్వాత పుస్తకం మూస్తూ, 'తప్పు నాదే. రెండు చోట్ల రాసుకోవాల్సింది' అన్నారు.